సంత్రా తొక్కకు ఇంకో పేరు

చెట్టు నుంచి వచ్చింది ఏదైనా పసిపిల్లకు చెడు చేయదని నేను డెబ్బై ఏళ్లు నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, కనిపించిన ప్రతి తల్లికీ చెప్పాను. ఇప్పుడు అందులో సగం తప్పని రాయడానికి కూర్చున్నాను. ముందు నేనెవరో చెప్పాలి, లేకపోతే ఈ ముసలిదానికేం తెలుసని మీరు పేజీ తిప్పేస్తారు.

పాతబస్తీలో ఒక ప్రసూతి దవాఖానలో ఆయమ్మగా పనిచేసి రిటైరయ్యాను. పుట్టిన పిల్లను తుడిచి, గుడ్డలో చుట్టి, తల్లి పక్కన పడుకోబెట్టడం నా పని. డ్యూటీ దిగాక జహనుమాలో మా గల్లీలోనూ, చుట్టుపక్కల గల్లీల్లోనూ బాలింతలకూ పిల్లలకూ స్నానాలు పోసేదాన్ని. ఎవరి దేవుడు ఎవరని అడగలేదు. పసిపిల్ల వీపు అందరి ఇంట్లోనూ ఒకేలా ఉంటుంది. ఇవాళ మా గల్లీలో మీసాలు పెంచి బండ్ల మీద తిరిగేవాళ్లలో సగంమందిని నా కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి ముడ్డి కడిగినదాన్ని నేను. దారి ఇవ్వకపోతే ఆ మాట అందరి ముందూ గుర్తుచేస్తాను. వెంటనే ఇస్తారు.

నాకు పేరు తెచ్చింది నా నలుగుపిండి. పెసలు, శనగలు అందరూ వేస్తారు. నేను వేసేవి వేరు. మాదన్నపేట మార్కెట్‌లో కొన్న సంత్రాలు, అదే కమలాపండ్లు, తిన్నాక తొక్కలు పారేయకుండా మిద్దె మీద ఎండబెట్టేదాన్ని. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పొద్దున్నే పోయి, దండకు పనికిరాక రాలిపోయిన గులాబి రేకులు, మరువం, దవనం సంచినిండా తెచ్చేదాన్ని. అన్నీ ఎండబెట్టి, దంచి, మెత్తటి గుడ్డలో జల్లించి పెట్టుకునేదాన్ని. నూనె కూడా అంతే. కొబ్బరినూనెలో సంత్రా తొక్క, మరువం వేసి సీసాను ఎండలో పెట్టేదాన్ని. ఆ సీసా ఏడాది నడిచేది. పాతబడితే ఇంకా బలమని నా నమ్మకం.

స్నానం పోసి, ఊదు పొగ పట్టి, గుడ్డలో చుట్టాక పిల్ల మాడు మీద ముక్కు పెట్టి ఆ రోజు వాసన ఏదో చెప్పడం నా అలవాటు. ‘గులాబి’ అనేదాన్ని. ఇంకోరోజు ‘సంత్రా’ అనేదాన్ని. తల్లి నవ్వాలి. తల్లి నవ్వకపోతే నా లెక్కలో స్నానం పూర్తయినట్టు కాదు.

ఇక నా చదువు సంగతి. దవాఖానలో పుట్టిన పిల్ల చేతికి తల్లి పేరు రాసిన చీటీ కడతారు. నాకు ఆ చీటీ చదవడం రాదు. ప్రతిసారీ నర్సును అడగాలి. ఒకరోజు ఒక నర్సు, ‘మొఖం చూసి గుర్తుపట్టు, నీకు చదువెందుకు’ అంది. అప్పుడే పుట్టిన పిల్లలందరూ ఒకేలా ఉంటారు, ఆమెకు తెలియదా? ఆ సాయంత్రం ఇంటికొచ్చి మనుమరాలి పలక లాక్కున్నాను. అప్పుడు ఆమెకు ఏడేళ్లు, నాకు యాభై దాటాయి. మా అమ్మాయి బల్దియా ఆఫీసులో, అంటే మున్సిపాలిటీలో, పనికి పోయేది, మనుమరాలు నా దగ్గరే ఉండేది. స్కేలు పట్టుకుని నాకు అక్షరాలు దిద్దించింది. ‘అమ్మమ్మా, తలకట్టు ఏదీ? నెత్తి లేకుంటే మనిషి ఉంటడా?’ అని వేళ్ల మీద కొట్టేది. నిజంగానే కొట్టేది. ఏడాదిలో చీటీలు చదివాను.

తెలుగు ఆమె నేర్పింది. ఇంగ్లీషు మాత్రం నాకు దుకాణాల బోర్డులు నేర్పాయి. బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా ఎదురుగా సబ్బుల దుకాణం బోర్డు కనిపించేది. మూడు సబ్బులు కొంటే దువ్వెన ఫ్రీ అని రాసి, దువ్వెన బొమ్మ కూడా వేశారు. ఆ బొమ్మ పక్కనున్న నాలుగు అక్షరాలే నేను ఎవరి సాయం లేకుండా చదివిన మొదటి ఇంగ్లీషు మాట. ఫ్రీ. ఆ రోజు నాకు మూడు సబ్బులూ ఒక దువ్వెనా అక్కర్లేకున్నా కొన్నాను.

ఆ పలక నాటి మనుమరాలే పోయినేడు మొదటి పురుటికి మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మా అమ్మాయికి డ్యూటీ ఉంటుంది కాబట్టి స్నానాల పని మొత్తం నాది. ఇన్నేళ్లు ఊరి పిల్లలకు పోశాను, ఇది నా ఇంటి పిల్ల. పిండి కొత్తగా దంచాను, నూనె మాత్రం పాత సీసాదే.

మూడో నెలలో పిల్ల మోచేతుల మడతల్లో ఎర్రగా లేచింది. తర్వాత బుగ్గలు, మోకాళ్ల వెనక. పిల్ల తల అటూ ఇటూ దిండుకేసి రుద్దుకునేది. నిద్రలేదు దానికి, నిద్రలేదు దాని తల్లికి.

నేను నిమిషం ఆలోచించలేదు. చూడవచ్చినవాళ్లు బుట్టలో పెట్టి తెచ్చిన సబ్బు, పౌడరు, లోషను గూట్లో ఉన్నాయి. తప్పు వాటిదేనని తేల్చేశాను. డాక్టరమ్మ దగ్గరికి పోయే రోజు వాటన్నిటినీ సంచిలో వేసుకుని నేనే మోశాను. ఆ డబ్బాల బండారం డాక్టరమ్మ నోటితో బయటపడాలని నా కోరిక.

డాక్టరమ్మ పిల్లను చూసింది. లోషను సీసా తిప్పి, వెనకాల చీమ కాళ్లంత అక్షరాలు చదివింది. ‘లినలూల్, లిమోనీన్, జెరానియోల్’ అంది.

నేను మనుమరాలి వైపు తిరిగి లేచి నిలబడ్డాను. “చూసినవా బిడ్డా, అన్నీ కెమికల్సే! మన పిండిల గిసుంటియి ఒక్కటన్న ఉన్నదా?”

డాక్టరమ్మ నన్ను కూర్చోమంది. “మీ పిండిలో ఏమేం వేస్తరమ్మా?”

ఆమె అడిగింది కదా అని మార్కెట్ల పేర్లతో సహా అన్నీ చెప్పాను. దవనం దాకా వచ్చేసరికి ఆమె పెన్ను కింద పెట్టింది.

“అమ్మా, లిమోనీన్ అంటే ఇంకేం కాదు, సంత్రా తొక్కల ఉండే వాసనే. జెరానియోల్ గులాబిలో ఉంటది. లినలూల్ మీ మరువంలో ఉంటది, వంటింట్ల ధనియాల్లో గూడ ఉంటది. ఈ సీసాలోయి గూడ చెట్ల నుంచే తీసిండొచ్చు. వాళ్లు మిషన్ల తీసిన్రు, మీరు రోట్లె దంచిన్రు. పిల్ల తోలుకు ఆ తేడా తెల్వదు.”

“నేను వందలమందికి ఇదే పిండి పెట్టిన. ఒక్కదానికి గిట్ల కాలె,” అన్నాను.

“కాకపోవచ్చు. అందరికీ కాదు. ఈ పాప తోలు పొడిది, పైపొర పగిలింది. ఇట్లాంటి తోలుకు వాసనవి మంట పెడ్తయి. నూనె ఎప్పటిది?”

“పోయిన ఎండకాలం. పాతదే మంచిది.”

“అదే వద్దు. గాలి తగిలి పాతబడ్డకొద్దీ ఈ వాసనలు తోలును ఇంక ఎక్కువ సతాయిస్తయి. వాసన ఒక్కటే కారణమని నేను ఒట్టు పెట్టను. ముందుగాల వాసనున్నయన్నీ బంద్ చేసి చూద్దాం. పిండి, నూనె, ఊదు, ఈ సీసాలు, అన్నీ.”

నా పిండినీ ఆ సీసాలనూ ఆమె ఒకే వరసలో చెప్పింది. ఆటోలో మనుమరాలు నా మోకాలి మీద చెయ్యి వేసింది. తీసేశాను.

మరునాడు మనుమరాలు పిల్లను భుజాన వేసుకుని ఊపుతూ నన్నే మెడికల్ షాపుకు పంపింది. డాక్టరమ్మ మందుచీటీలో వేరే మందు ఏమీ రాయలేదు. స్నానం కాగానే పూయడానికి వాసన లేని క్రీము ఏదైనా తెమ్మంది, అంతే. షాపు భాయ్ నాకు ఎప్పటినుంచో తెలుసు. ఆయన ఇద్దరు పిల్లలకు నేనే స్నానం పోశాను.

“క్యా హోనా అమ్మా?”

“చంటిపిల్లకు క్రీము. తోలు ఎండింది.”

ఆయన ఒక తెల్లటి ట్యూబు ఇచ్చాడు. బొమ్మ లేదు, పువ్వు లేదు, చూడటానికి దవాఖాన గోడలా ఉంది. నేను చదువుకున్నదాన్ని కదా, అద్దాలు సర్దుకుని చదివాను. ముందు ఒక పొడుగు మాట, కూడబలుక్కుంటే ఫ్రాగ్రెన్స్ అని వచ్చింది. ఆ మాట తెలుసు, డాక్టరమ్మ సీసా తిప్పుతూ పదిసార్లు అంది, వాసన అని అర్థం. దాని పక్కనున్నది నా పాత చుట్టం. నాలుగు అక్షరాలు. ఫ్రీ.

నాకు ఒళ్లు మండింది. వాసనే వద్దని డాక్టరమ్మ చెబితే, వీళ్లు క్రీము కొంటే వాసన ఊరికే ఇస్తామంటున్నారు!

“ఇది నక్కో భాయ్. వేరేది ఇయ్యి.”

“అచ్ఛా మాల్ హై అమ్మా, దవాఖానోళ్లు ఇదే రాస్తరు.”

“నాకు చదువొస్తది. ఊరికే వచ్చేది మాకు అక్కర్లేదు.”

ఆయనకు ఏమీ అర్థం కాలేదు, వెనక ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు. ఇంకో ట్యూబు తీసి పెట్టాడు. దాని మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంది. ముందూ వెనకా తిప్పి చూశాను, ఎక్కడా ఫ్రీ అని లేదు. తీసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఆకు బొమ్మ చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ మాట నా చెవికి ఎక్కింది గానీ మనసుకు ఎక్కలేదు. ఆ తప్పు ఏ అక్షరాలదీ కాదు, నాదే.

స్నానం మధ్యలో తడిచేత్తో ట్యూబు పిసికితే జారుతుంది. దవాఖాన అలవాటు ప్రకారం క్రీమంతా చిన్న స్టీలు డబ్బాలోకి తీసి, ట్యూబు గూటి వెనక పడేశాను. పిండి మానేశాను, నూనె మానేశాను, ఊదు మానేశాను. వట్టి గోరువెచ్చటి నీళ్లు పోసి, డబ్బాలోంచి క్రీము తీసి పూశాను. సన్నగా సంత్రా వాసన వచ్చింది. నా చేతులకు ఏళ్ల తరబడి పట్టినదేమో అనుకున్నాను. అనుకోవడం సుళువుగా ఉంది, అందుకే అనుకున్నాను.

నాలుగో రోజుకు బుగ్గల మీద నీరు కారింది. ఐదో రోజు పిల్ల బుగ్గ గోకి రక్తం తెచ్చుకుంది. మనుమరాలు పిల్లను నా కాళ్ల మీద నుంచి ఎత్తుకుంది. స్నానం సగంలో ఉంది. వీపు ఇంకా తుడవలేదు.

“రేపటి సంది నేనే పోస్కుంట అమ్మమ్మా.”

“నీకు పట్టుడొస్తదా? జారితే?”

“జారదు. నీ పాణం మంచిగ లేదు, నువ్వు కూసో.”

నా పాణం బాగానే ఉంది. ఆ మాట ఎందుకు అందో నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు. ఆ రోజు నేను పీట కడిగి గోడకు ఆనించి, నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వంటింట్లో చిక్కుడుకాయలు తుంచాను. కూర అయిపోయినా తుంచుతూనే ఉన్నాను. దవాఖానలో చేరిన నాటి నుంచి పిల్ల దగ్గరికి రావద్దని నన్ను ఎవరూ అనలేదు.

మరునాడు పొద్దున స్నానం తనే పోసి, క్రీము పూయబోతూ మనుమరాలు డబ్బా మూత తీసి ఆగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇన్నాళ్లూ పూసింది నేనే, ఆ టైములో ఆమె అలిసిపోయి కునుకు తీసేది.

“అమ్మమ్మా, దీని ట్యూబు ఏది?”

గూటి వెనక నుంచి తీసి ఇచ్చాను. ఆమె వెనకాల చిన్న అక్షరాలు చదువుతుంటే మొహం మారిపోయింది. “లిమోనీన్. లినలూల్. మళ్ల గవ్వే! గిది ఎందుకు తెచ్చినవ్? వాసన లేంది అడుగుమన్న గద?”

“భాయ్ ముందుగాల వేరేది ఇచ్చిండు. దాని మీద వాసన ఫ్రీ అని రాసి ఉండె. మొఖాన కొట్టి వచ్చిన.”

“ఏమని రాసి ఉండె?”

“ఫ్రాగ్రెన్స్ ఫ్రీ. నేనే చదివిన, ఎవర్నీ అడగలె.”

మనుమరాలు నన్ను చూసింది, ట్యూబును చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు ఏడుస్తోందనుకున్నాను. నవ్వు. అన్నాళ్ల నిద్రలేమి అంతా నవ్వయి బయటికొచ్చింది. ఊగిపోయింది, కళ్లనీళ్లు కారాయి, పిల్ల కూడా గోకడం మాని తల్లిని చూసింది.

“అమ్మమ్మా... ఫ్రీ అంటే... వాసన లేదని!”

“ఎప్పటి సంది?”

“ఎప్పుడూ అంతే! ముందు ఏదన్న మాట పెట్టి ఎనక ఫ్రీ అంటే, అది లేదని.”

“అయితె సబ్బు కొంటె దువ్వెన ఫ్రీ అంటే దువ్వెన లేదనా? నేను తెచ్చుకున్న గద దువ్వెన! నీ జడ దాంతోనే ఏసిన!”

ఉన్నదానికీ లేనిదానికీ ఒకే మాట పెట్టుకున్న భాషను నేను నెత్తిన పెట్టుకోను. కానీ ఆ మాట వల్ల దెబ్బ తిన్నది నా పిల్ల బుగ్గ. దాన్ని చూశాక నాకు నవ్వు రాలేదు. “నా చేతులే గిట్ల చేసినయి,” అన్నాను. నేను తప్పు ఒప్పుకోవడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. మనుమరాలు నవ్వు ఆపేసింది.

కాసేపటికి లేచి వెళ్లి ఒక నోటుబుక్కు తెచ్చింది. దాంతో పాటు స్కేలు కూడా. ఎక్కడ దాచిందో!

“కూసో. గీ పేర్లు నేర్సుకో. నేర్సుకుని మెడికల్ షాపుల చదివి, సరైంది తే. అప్పుడే పిల్లను నీ కాళ్ల మీద పెడ్త.”

“తేకుంటే?”

“పిల్లకు పెండ్లి అయ్యేదాంక నేనే పోస్కుంట.”

నాలుగు పేర్లు. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసి ఇచ్చింది. లిమోనీన్, లినలూల్, జెరానియోల్, సిట్రొనెలోల్. మందుల పేర్లలా నేర్చుకుంటే నాలిక తిరగలేదు. అప్పుడు ఒక ఉపాయం తోచింది. ప్రతి పేరు పక్కన నా మనిషిని రాసుకున్నాను. లిమోనీన్ పక్కన సంత్రా తొక్క. లినలూల్ పక్కన మరువం, ధనియాలు. జెరానియోల్, సిట్రొనెలోల్ రెండూ గులాబివేనని మనుమరాలు చెప్పింది, వాటికి కలిపి గులాబి. అవి ఎవరో పరాయివాళ్లు కాదు, నేను ఏళ్ల తరబడి సంచిలో మోసుకొచ్చినవాళ్లే, ఇంగ్లీషు కాగితాల్లో వేరే పేరుతో తిరుగుతున్నారు. అలా అనుకున్నాక తేలిగ్గా వచ్చాయి. సిట్రొనెలోల్‌లో రెండుసార్లు తప్పాను. స్కేలు పడింది. ఈసారి మెల్లగా కొట్టింది.

మూడు రోజుల తర్వాత షాపుకు పోయాను. భాయ్‌తో ముందే చెప్పాను.

“నీ దగ్గర చంటిపిల్లల క్రీములు ఎన్ని ఉన్నయో అన్నీ బయట పెట్టు. నేను చదువుత.”

“అన్నీనా? దుకాణం బంద్ చెయ్యాల్నా అమ్మా?”

“నీ బిడ్డ నా కాళ్ల మీద ఎన్నిసార్లు దొడ్డికి పోయిందో అందరి ముంగట చెప్పాల్నా?”

“నక్కో, నక్కో! కూసో అమ్మా, చదువు!” అని స్టూలు జరిపాడు.

ఆకు బొమ్మలవి, పూల బొమ్మలవి, ఏనుగు పిల్ల బొమ్మవి. వెనకాల అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాను. ఏనుగు పిల్లలో సంత్రా దొరికింది. పువ్వు బొమ్మలో గులాబి, మరువం ఇద్దరూ దొరికారు. ఒకదాంట్లో పేరు ఏదీ లేదు, ఉత్తగా ఫ్రాగ్రెన్స్ అని ఉంది. పేరు చెప్పకుండా ముసుగేసుకుని కూర్చున్నారన్నమాట. పక్కన పెట్టాను. చివరికి ఆ తెల్లటి ట్యూబే మిగిలింది. దాని వెనక నా నలుగురిలో ఒక్కరూ లేరు. ముందు పక్క ఆ పాత చుట్టం అలాగే ఉంది, ఫ్రీ. ఈసారి దాన్ని ఏమీ అనలేదు.

“ఇదే ఇస్తి గద అమ్మా ఆ రోజు,” అన్నాడు భాయ్.

“ఆ రోజు నాకు చదువు రాదు,” అన్నాను.

ఇంటికొచ్చి ట్యూబు మనుమరాలి చేతిలో పెట్టాను. ఆమె వెనక్కి తిప్పి తనూ చదివింది. నమ్మకం లేక కాదు, తల్లి కాబట్టి. తర్వాత పీట తెచ్చి వేసింది. ఆ పొద్దు నేను తలలో మరువం పెట్టుకోలేదు. వాసన సబ్బు కూడా పక్కన పెట్టి చేతులు వట్టి నీళ్లతో రెండుసార్లు కడుక్కున్నాను. కాళ్లు చాపాను. పిల్లను నా కాళ్ల మీద బోర్లా పెట్టింది మనుమరాలు. అది కాళ్లు తన్ని, నా పిక్క మీద ఉచ్చ పోసింది. ఇన్నాళ్ల బాకీ తీర్చుకుందనుకున్నాను.

తగ్గడం ఒక్కరోజులో కాలేదు. రెండు వారాలకు బుగ్గలు ఆరాయి. నెలకు మోకాళ్ల వెనక తేలికైంది. మధ్యలో మళ్లీ చూపిస్తే డాక్టరమ్మ ఒక మందు కూడా రాసింది, కాబట్టి ఎంత దేనివల్ల తగ్గిందో నేను చెప్పలేను. పిండి డబ్బా పారేయలేదు. దాని మీద కాగితం అంటించి ‘నాది’ అని రాశాను. అడిగిన తల్లులకు ఇప్పుడు ముందు పిల్ల తోలు చూపించమంటాను, తర్వాతే మాట్లాడతాను. కొందరికి కోపం వస్తుంది. రానీ.

మొన్న స్నానం పోసి గుడ్డలో చుట్టి, పాత అలవాటున మాడు మీద ముక్కు పెట్టాను. మనుమరాలు గుమ్మంలో నిలబడి జడ వేసుకుంటోంది.

“ఏం వాసన అమ్మమ్మా ఇయ్యాల?”

చాలాసేపు చూశాను. గులాబి లేదు, సంత్రా లేదు, పొగ లేదు.

“ఫ్రీ,” అన్నాను.

మనుమరాలు నవ్వింది. నేను పిల్ల మోచేతులు రెండూ వెలుతురుకు తిప్పి చూశాను. కుడి మడత తేటగా ఉంది. ఎడమ మడతలో గోరంత ఎరుపు ఇంకా ఉంది. దాని మీద క్రీము ఇంకొంచెం అద్దాను.